ప్రశ్నావళిలో లేని పాపం – దక్షిణ రాయలసీమ క్రైస్తవంలో ఆత్మపరిశీలన: చారిత్రక అధ్యయనం

వ్యాససంగ్రహం:

క్రైస్తవ ఆధ్యాత్మిక జీవితంలో ఆత్మపరిశీలన ప్రధానమైన సాధన. విశ్వాసి తన తలపులను, మాటలను, పనులను దేవుని ఎదుట నిజాయితీగా విచారించుకోవడం దీని స్వరూపం. తిరుపతి, చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలకు ఈ సాధన మూడు మార్గాల్లో వచ్చింది. అవి 18వ శతాబ్ది జెస్యూట్ కర్ణాటక మిషన్, లూథరన్ హెర్మన్స్‌బర్గ్ మిషన్, అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్. ఈ మూడు సంప్రదాయాలు విశ్వాసికి అందించిన ఆత్మపరిశీలన ప్రశ్నలను, వాటికి తెలుగులో ఏర్పడిన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ ప్రశ్నల్లో కులానికి చోటు దొరికిందా, దొరికితే ఎవరి చొరవతో దొరికింది అన్నది ప్రధాన విచారణాంశం. ఆత్మపరిశీలనలోని నిజాయితీ వ్యక్తి చిత్తశుద్ధి మీదనే కాక, అతనికి అందిన ప్రశ్నల జాబితా మీద కూడా ఆధారపడుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఆత్మపరిశీలన, పాపసంకీర్తనం, మనస్సాక్షి, కర్ణాటక మిషన్, ఆర్కాటు మిషన్, లూథరన్ సంఘం, కులం, ప్రభువు బల్ల.

1. ప్రవేశిక:

తిరుపతి ప్రాంతపు భక్తిచరిత్రకు తాళ్లపాక కవుల వాఙ్మయం గొప్ప ఆధారం. అన్నమాచార్యుల (1408–1503) ఆధ్యాత్మ సంకీర్తనల్లో శ్రీవేంకటేశ్వరుని స్తుతితోపాటు తన లోపాలను తానే ఎత్తిచూపుకొనే నిర్వేదం బలంగా వినిపిస్తుంది. కాబట్టి భగవంతుని ముందు తనను తాను నిలదీసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. క్రైస్తవం ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఆత్మవిచారం తెలియని సమాజంలోకి రాలేదు. అది కొత్తగా తెచ్చింది ఒక పద్ధతిని. నియమిత కాలాల్లో, నిర్ణీతమైన ప్రశ్నల ప్రకారం, సాధారణంగా ఒక సంస్కారానికి ముందు తనను పరీక్షించుకోవడం ఆ పద్ధతి.

ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు పాలనాపరమైన సరిహద్దులను గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండేవి. అందువల్ల ఇక్కడి సంఘాల చరిత్ర ఆర్కాటు, కడప, నెల్లూరు, మద్రాసు పేర్లతో వెలువడిన రచనల్లో చెదిరి ఉంది. తమిళ దేశంలో ఏర్పడిన క్రైస్తవ పదజాలం, వివాదాలు కూడా ఈ సరిహద్దుల మీదుగానే తెలుగు సంఘాలకు చేరాయి.

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై వచ్చిన పరిశోధనలు ఎక్కువగా కీర్తనలను, బైబిలు అనువాదాలను, నిఘంటు వ్యాకరణ కృషిని విశ్లేషించాయి. ప్రశ్నోత్తర గ్రంథాలు, ఆరాధనక్రమాలు బోధనోపకరణాలుగానే మిగిలిపోయాయి. అయితే సామాన్య విశ్వాసి తన లోపలికి చూసుకోవడానికి వాడిన సాధనాలు ఇవే. అందుకే ఈ వ్యాసం వాటిలోని ప్రశ్నల తీరుపై దృష్టి పెడుతుంది.

2. పదజాలం: సంకీర్తనం, శోధన, సాక్షి:

తెలుగు కథోలిక వ్యవహారంలో గురువు ఎదుట పాపాలను చెప్పుకోవడాన్ని ‘పాపసంకీర్తనం’ అంటారు. తమిళ కథోలికుల్లోనూ ఇదే సంస్కృత సమాసం వాడుకలో ఉంది. సంకీర్తనం అంటే చక్కగా, పూర్తిగా చెప్పడం. తిరుమల పరిసరాల్లో ఆ పదం వినగానే భగవన్నామ గుణగానం స్ఫురిస్తుంది. అదే పదం ముందు ‘పాప’ చేరినప్పుడు చెప్పవలసిన విషయం పూర్తిగా తారుమారవుతుంది. స్తుతిలో దేవుని గుణాలు లెక్కకు వస్తాయి. పాపసంకీర్తనంలో తన దోషాలు లెక్కకు వస్తాయి. రెండింటిలోనూ మిగలకుండా చెప్పడమే ప్రధానం. సంస్కృత ధర్మశాస్త్రంలోనూ ఇందుకు సమీపమైన భావన ఉంది. మనుస్మృతి 11వ అధ్యాయం పాపవిముక్తి మార్గాల్లో ఖ్యాపనాన్ని, అనుతాపాన్ని పేర్కొన్నది. చేసిన పాపాన్ని నోరు తెరిచి చెప్పడమే ఖ్యాపనం. కాబట్టి పాపసంకీర్తనం అనే పదం దేశీయ పాఠకునికి పూర్తిగా అపరిచితం కాదు.

సంకీర్తనానికి ముందు జరగవలసిన పనిని ‘ఆత్మశోధన’ అంటారు. ఈ పదంలో ఆసక్తికరమైన అర్థద్వయం ఉంది. శోధన అంటే వెదకడం, శుద్ధి చేయడం. తెలుగు బైబిలు భాషలో అదే పదం మనిషిని పాపం వైపు లాగే ప్రేరేపణకూ వర్తిస్తుంది. ఆత్మశోధన తనను శుద్ధి చేసే సాధన కావచ్చు. తన భక్తిని చూసి తానే మురిసిపోయే ప్రలోభమూ కావచ్చు. ఆధ్యాత్మిక బోధకులు తరతరాలుగా చేసిన హెచ్చరిక ఈ ఒక్క పదంలోనే ఇమిడి ఉంది.

మూడవ పదం ‘మనస్సాక్షి’. మనసును సాక్షిగా భావించడం వల్ల ఆత్మపరిశీలన ఒక విచారణ రూపం పొందుతుంది. విచారణలో సాక్షి తనను అడిగిన ప్రశ్నకే సమాధానం చెబుతాడు. అడగనిది చెప్పవలసిన అవసరం అతనికి రాదు. ఈ వ్యాసం ప్రశ్నల జాబితాకు ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

3. మూలసందర్భం: కొరింథులోని భోజనం:

ప్రతి మనిషి తనను తాను పరీక్షించుకొన్న తర్వాతే ప్రభువు బల్లలో పాలుపొందాలన్న బోధకు ఆధారం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం. సంఘాల్లో ఈ బోధ సాధారణంగా వ్యక్తిగత నైతికతకు సంబంధించినదిగా వినిపిస్తుంది. పత్రికలోని సందర్భం మాత్రం వేరు. కొరింథు విశ్వాసులు కలిసి భోజనానికి కూడినప్పుడు ఉన్నవారు ముందుగా తిని తాగుతున్నారు. లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారు. పేదలను సిగ్గుపరిచే ఈ ప్రవర్తనను ఖండిస్తూ పౌలు ఆత్మపరీక్షను విధించాడు. అంటే ఆత్మపరీక్ష మొదట పుట్టింది పంక్తిభేదం సమస్యగా మారిన చోట.

పాశ్చాత్య క్రైస్తవం పౌలును అంతర్ముఖ మనస్సాక్షికి ప్రతినిధిగా చదివిన తీరును క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో విమర్శించారు. పౌలు రచనల్లోని సామూహిక సమస్యలను తర్వాతి తరాలు వ్యక్తిగత అపరాధభావంగా మార్చుకొన్నాయన్నది ఆయన వాదనలోని సారాంశం. ఆయన ప్రధానంగా చర్చించింది యూదులు, అన్యజనుల సంబంధాన్ని. అయినా ఆ దృష్టి మన ప్రాంతానికీ ఉపకరిస్తుంది. ఎవరు ఎవరితో కలిసి తింటారన్నది ఇక్కడ కులానికి గీటురాయి. కొరింథు సందర్భానికి ఇంత దగ్గరగా ఉన్న సమాజంలో ఆ బోధ ఎలా అమలైందో చూడాలి.

4. కర్ణాటక మిషన్: లెక్కగా మారిన ఆత్మపరిశీలన:

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్యూట్లు పుదుచ్చేరి కేంద్రంగా కర్ణాటక మిషన్‌ను నడిపారు. పియేర్ మొదుయి 1701లో చేసిన ప్రయాణ వృత్తాంతం, ఇతర గురువుల లేఖలు పారిస్‌లో అచ్చయిన జెస్యూట్ లేఖాసంపుటాల్లో ఉన్నాయి. నేటి చిత్తూరు ప్రాంతంలోని పుంగనూరు ఆ లేఖల్లో కనిపించే తెలుగు ఊళ్లలో ఒకటి. ఈ గురువులు మధురలో రాబర్టో డి నొబిలి (1577–1656) వేసిన బాటలో నడిచారు. కాషాయం ధరించి, మాంసమద్యాలు విడిచి, బ్రాహ్మణ సన్యాసుల ఆచారాలు పాటించారు. ఫరంగి అన్న ముద్ర తమపై పడకుండా జాగ్రత్తపడ్డారు.

జెస్యూట్ జీవితంలో ఆత్మపరిశీలనకు కేంద్రస్థానం ఉంది. ఇగ్నేషియస్ లొయోలా ‘ఆధ్యాత్మిక సాధనలు’ 1548లో పోపు ఆమోదం పొందింది. అందులోని సాధారణ పరిశీలనకు ఐదు అంగాలు ఉన్నాయి. పొందిన మేలులకు కృతజ్ఞత, పాపాలను తెలుసుకొనే కృప కోసం ప్రార్థన, గడిచిన సమయాన్ని గంటగంటకూ తలచుకోవడం, క్షమాపణ వేడుకోవడం, దిద్దుబాటుకు సంకల్పించడం. దీనితోపాటు ప్రత్యేక పరిశీలన ఉంది. ఒకే దోషాన్ని ఎంచుకొని, అది ఎన్నిసార్లు జరిగిందో గీతలపై చుక్కలుగా గుర్తించి, నేటి లెక్కను నిన్నటి లెక్కతో, ఈ వారాన్ని గత వారంతో పోల్చుకోవాలి. గ్రామ కరణం కవిలెలో పద్దులు రాసినంత శ్రద్ధగా తన మనసుకు తానే లెక్క రాసుకొనే విధానమిది.

ఈ పద్ధతిలోని క్రమశిక్షణను తక్కువగా చూడరాదు. కోపం, అబద్ధం, కామం, నిర్లక్ష్యం వంటి దోషాలు మనిషికి తెలియకుండానే అలవాటుగా మారతాయి. వాటిని పట్టుకోవడానికి లెక్క ఉపయోగపడుతుంది. విశ్వాసులకు బోధించిన పరిశీలన కూడా పది ఆజ్ఞల క్రమంలో సాగింది. 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసికీ ఏటా ఒకసారి పాపసంకీర్తనాన్ని తప్పనిసరి చేసింది. ఆ నియమం ఇక్కడి సంఘాలకూ వర్తించింది. అయితే పద్దు పుస్తకానికి ఒక పరిమితి ఉంది. పద్దుగా గుర్తించినదే అందులోకి ఎక్కుతుంది. పరయల ఇంటి గడప తొక్కకపోవడం గురువు దినచర్యలో దోషంగా గుర్తింపు పొందనంత కాలం, దానికి చుక్క పెట్టవలసిన గీత కూడా ఉండదు.

5. పరీక్షకులకు పరీక్ష: 1704–1744:

ఆ గీతను బయటివాడు గీశాడు. పోపు ప్రతినిధి షార్ల్ తోమా మయార్ ద తూర్నోన్ చైనాకు వెళుతూ 1703 నవంబరులో పుదుచ్చేరిలో దిగారు. అస్వస్థత వల్ల అక్కడే కొన్ని నెలలు ఉండిపోయారు. ఆ కాలంలో మధుర, కర్ణాటక మిషన్ల ఆచారాలను విచారించారు. ఆయనకు వివరాలు అందించినవారు ఇద్దరు జెస్యూట్లు. వారిలో ఒకరు కర్ణాటక మిషన్ అధిపతి వెనాంస్ బూషె. రెండవవారు మధుర మిషన్‌కు చెందిన బెర్తోల్ది. తూర్నోన్ 1704 జూన్ 23న సంతకం చేసిన శాసనం జులై 8న వెల్లడయింది.

ఆ శాసనం బాప్తిస్మంలో విడిచిపెట్టిన ఉమ్మి వాడకం, తాళిపై దేవతాచిహ్నాలు, బాల్యవివాహాలు, విభూతి వంటి అనేక విషయాలను ప్రస్తావించింది. వీటిలో చాలావరకు స్థానిక సంస్కృతికి, మతాచారానికి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు సంబంధించినవి. వాటిపై తూర్నోన్ తీర్పులు అన్నీ సబబైనవని చెప్పలేం. ఆయన ఈ దేశంలో గడిపినవి కొద్ది నెలలే. కానీ ఒక అంశం వీటికంటే భిన్నమైనది. జబ్బుపడిన పరయ విశ్వాసుల ఇళ్లకు వెళ్లి సంస్కారాలు ఇవ్వడానికి గురువులు నిరాకరించరాదని శాసనం ఆదేశించింది.

మిషనరీల వాదనలో లౌకికమైన తర్కం లేకపోలేదు. పరయల ఇంట అడుగుపెట్టిన సన్యాసిని పై కులాలవారు మళ్లీ దగ్గరికి రానివ్వరు. మిషన్ మొత్తం కూలిపోతుంది అని వారు భయపడ్డారు. శాసనాన్ని సడలింపజేయడానికి బూషె ఐరోపా వెళ్లారు. ఈ వివాదం 40 ఏళ్లు సాగింది. 14వ బెనెడిక్ట్ పోపు 1744 సెప్టెంబరు 12న వెలువరించిన శాసనంతో ముగిసింది. అందులో మిషనరీలు ప్రమాణం చేయాలన్న నిబంధన ఉంది. అదే సమయంలో పరయల కోసం ప్రత్యేకంగా కొందరు గురువులను నియమిస్తామన్న జెస్యూట్ల ప్రతిపాదనకు ఆమోదమూ ఉంది. పరయ రోగికి గురువు దొరికాడు. గురువుల మధ్య మాత్రం గీత మిగిలింది.

రోజుకు రెండుమార్లు అంతరంగాన్ని శోధించుకొనే గురువులు ఈ విషయంలో తమను తాము ఎందుకు నిలదీసుకోలేకపోయారు? వారిని కపటులుగా కొట్టిపారేయడం చరిత్రను సులభం చేసుకోవడమే అవుతుంది. ఎండల్లో నడిచి, ఒంటిపూట శాకాహారంతో, పరాయి భాషల్లో జీవితాలు అరగదీసుకొన్నవారు వారు. వారి త్యాగమే ఇక్కడ అడ్డుగా నిలిచిందని చెప్పవచ్చు. మిషన్ నిలబడటం కోసమే ఇదంతా చేస్తున్నామన్న నమ్మకం ఆ నిరాకరణను కూడా త్యాగంలో భాగంగా చూపించింది. తన దోషం తన సద్గుణానికి ఆనుకొని ఉన్నప్పుడు దాన్ని గుర్తించడం మనిషికి అన్నింటికంటే కష్టం.

6. హాలే నుంచి తిరుపతికి: లూథరన్ ప్రశ్నోత్తరి:

అచ్చయిన తొలి తెలుగు పుస్తకాల్లో ఆత్మపరిశీలనను నేర్పే గ్రంథం ఒకటి ఉండటం తెలుగు ముద్రణ చరిత్రలో గమనించదగిన విషయం. మద్రాసులో 1743 వరకు పనిచేసిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ (1689–1760) జర్మనీకి తిరిగివెళ్లిన తర్వాత, హాలే పట్టణంలో 1746లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించారు. హాలే పయెటిస్టు ఉద్యమానికి కేంద్రం. ఆ ఉద్యమం సిద్ధాంత పాండిత్యంకంటే హృదయ పరివర్తనకు, అనుదిన ఆత్మవిచారానికి పెద్దపీట వేసింది.

దక్షిణాంధ్రలో లూథరన్ సంఘం స్థిరపడింది మాత్రం హెర్మన్స్‌బర్గ్ మిషన్ ద్వారా. ఆగస్ట్ మీలియస్ 1865లో ప్రారంభించిన ఈ కృషి నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో విస్తరించింది. మొదటి ప్రపంచయుద్ధం జర్మన్ మిషనరీలను దూరం చేసింది. అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ ఆ బాధ్యతను స్వీకరించింది. తర్వాత 1945లో తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది.

లూథర్ 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరి పాపపు ఒప్పుకోలును సామాన్య గృహస్థునికి అందుబాటులోకి తెచ్చింది. ఏ పాపాలను ఒప్పుకోవాలన్న ప్రశ్నకు అది ఇచ్చే సూచన సూటిగా ఉంటుంది. పది ఆజ్ఞల వెలుగులో నీ స్థితిని ఆలోచించుకోమంటుంది. నీవు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, సేవకుడివా? అవిధేయత, సోమరితనం, నమ్మకద్రోహం చూపావా? మాటతో గాని చేతతో గాని ఎవరినైనా నొప్పించావా? ఇందులో పాపాల నిఘంటువు లేదు. నిత్యజీవిత సంబంధాలు ఉన్నాయి. ప్రతి పాపాన్నీ ఏకరువు పెట్టాలన్న భయం నుంచి విశ్వాసిని విడిపించడం దీని గొప్పదనం. ఆత్మపరిశీలన పాపక్షమాపణ అనే వాగ్దానం దగ్గర ముగుస్తుంది కాబట్టి విశ్వాసి నిరాశలోకి జారడు.

అయితే ‘స్థితి’ అన్న మాట జర్మనీ నుంచి రాయలసీమకు వచ్చేసరికి దాని అర్థపరిధి మారింది. ఇక్కడ మనిషి స్థితిని పుట్టుకే నిర్ణయించేది. నీ స్థితిలో నమ్మకంగా నడుచుకొన్నావా అని పాలేరును అడగవచ్చు; నీ సేవకునితో న్యాయంగా ఉన్నావా అని ఆసామిని అడగవచ్చు. ఆ స్థితులే న్యాయమైనవా అన్న ప్రశ్న ఈ వరుసలో తనంతట తాను తలెత్తదు. ప్రశ్నోత్తరి ఆ ప్రశ్నను నిషేధించలేదు. నొప్పించావా అన్న మాటలో దానికి తావు కూడా ఉంది. కాకపోతే ఆ తావును వాడుకోవడం బోధకుని ధైర్యానికి వదిలేసిన విషయమయింది.

7. మదనపల్లె: మూడంచెల పరీక్ష:

స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషన్‌లో చిత్తూరు తొలి కేంద్రాల్లో ఒకటి. మదనపల్లె కేంద్రాన్ని జేకబ్ చేంబర్లిన్ (1835–1908) 1863లో నెలకొల్పారు. వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిలు సవరణ కృషిలో పాల్గొన్నవారు. ఆయన అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి ఆరాధనక్రమాన్ని తెలుగులోకి అనువదించారు. అది 1873లో మద్రాసులో అచ్చయింది.

రిఫార్మ్‌డ్ సంప్రదాయంలో ప్రభువు బల్లకు ముందు చదివే క్రమం నిజమైన ఆత్మపరీక్షను మూడు భాగాలుగా విభజిస్తుంది. మొదటిది తన పాపాన్ని, అది తెచ్చే శిక్షను తలచుకొని తనను తాను అసహ్యించుకోవడం. రెండవది క్షమాపణ వాగ్దానాన్ని నమ్ముతున్నానా అని హృదయాన్ని అడగడం. మూడవది ఇకమీదట కృతజ్ఞతతో జీవిస్తూ, పగను, అసూయను విడిచి పొరుగువారితో ప్రేమతో, సమాధానంతో మెలగాలని నిశ్చయించుకోవడం. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలోని 81వ ప్రశ్న కూడా బల్లకు ఎవరు రావచ్చో చెబుతూ ఇదే త్రివిధ దృష్టిని ప్రతిపాదిస్తుంది.

మన చర్చకు మూడవ భాగం కీలకం. దుఃఖం, విశ్వాసం అంతరంగంలో జరిగే వ్యవహారాలు. పొరుగువాడితో సమాధానం అంతరంగంలో ముగియదు. దానికి బయట రుజువు కావాలి. ఎదుటి మనిషి కావాలి. కొరింథు భోజనంలోని ఆకలిగొన్నవాడు ఈ మూడవ ప్రశ్న ద్వారా మళ్లీ ఆరాధనలోకి రాగలడు. మాల, మాదిగ, పై కులాల విశ్వాసులు ఒకే పాత్రలోంచి తాగవలసిన చోట, పొరుగువాడెవరు అన్నది ఊహాత్మకమైన ప్రశ్న కాదు.

8. ఆత్మపరీక్షా? పరపరీక్షా?

ప్రొటెస్టెంటు మిషన్లు కులాన్ని పాపంగా బహిరంగంగా ప్రకటించాయి. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో జారీచేసిన లేఖ సంఘంలో కులభేదాలను వెంటనే, పూర్తిగా విడవాలని ఆదేశించింది. మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు 1850లో చేసిన తీర్మానం మరింత ముందుకు వెళ్లి, బాప్తిస్మం కోరేవారు ఇతర కులాలవారితో కలిసి తిని, కులాన్ని విడిచినట్లు రుజువు చూపాలన్నది. లైప్‌జిగ్ లూథరన్ మిషన్ ఈ వైఖరికి దూరంగా నిలిచింది.

ఈ తీర్మానంతో కులం జాబితాలోకి ఎక్కింది. కొరింథు సందర్భానికి ఇది న్యాయం చేసింది కూడా; పంక్తిలో పుట్టిన సమస్యను పంక్తిలోనే పరీక్షించింది. కానీ ఇందులో పరీక్షించేవాడు ఒకడు, పరీక్షకు నిలిచేవాడు మరొకడు. కలిసి తిన్నాడా లేదా అని చూడటానికి సాక్షులు చాలు; మనస్సాక్షి అక్కరలేదు. ఒకపూట తిని మరునాడు పాత హద్దుల్లోకి వెళ్లిపోయే వీలూ ఉంది. జెస్యూట్ల పద్ధతిలో అంతరంగం ఉండి కులం లేకపోయింది. ఈ పరీక్షలో కులం ఉండి అంతరంగం జారిపోయింది.

1876–78 నాటి ధాత కరువు మరో ఉదాహరణ. రాయలసీమతోపాటు తెలుగు, తమిళ ప్రాంతాలను ఆ కరువు తుడిచిపెట్టింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. తిండి కోసం వస్తున్నారన్న అనుమానానికి తావివ్వరాదన్నది ఆయన ఉద్దేశం. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ నిర్ణయంలో నిజాయితీ ఉంది. తన చేతిలోని ధాన్యం ఎదుటివాడి విశ్వాసాన్ని ప్రభావితం చేస్తుందని ఆయన గుర్తించారు. పరీక్షను కొంతమేరకు తనవైపు కూడా తిప్పుకొన్నారు. ఆ కాలపు మిషన్ చర్చల్లో మాత్రం మాదిగ విశ్వాసి ఎందుకు వచ్చాడన్న ప్రశ్న పదేపదే వినిపిస్తుంది. మిషనరీ ఎందుకు ఇస్తున్నాడన్న ప్రశ్న అరుదు.

ఆ ప్రశ్నను 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ సభలో వి.ఎస్. అజరయ్య లేవనెత్తారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన ఆయన, మిషనరీల త్యాగాన్ని కృతజ్ఞతతో ఒప్పుకొంటూనే, భారతీయ సహోదరులతో సమానమైన స్నేహం వారిలో కొరవడిందని ఆ సభలోనే ఎత్తిచూపారు. పరీక్షకు నిలిచే స్థానంలో ఉన్నవారు పరీక్షకుల ముందు పెట్టిన ఆత్మపరిశీలన ప్రశ్న అది.

9. ఇటీవలి పరిణామాలు:

ఆర్కాటు మిషన్ సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలోను భాగమయ్యాయి. కథోలికుల్లో కడప, చిత్తూరు ప్రాంతాలకు 1976లో కడప మేత్రాసనం ఏర్పడింది. రెండవ జాన్ పాల్ పోపు 2003 నవంబరులో తమిళ ప్రాంత బిషప్పులతో మాట్లాడుతూ, సంఘంలోని కులవివక్ష మానవ సంఘీభావానికి విరుద్ధమని హెచ్చరించారు. భారత కథోలిక బిషప్పుల మహాసభ 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానం వివక్షను తీవ్రమైన సామాజిక పాపంగా గుర్తిస్తూ, అది సంఘం లోపల ఇంకా ఉందని ఒప్పుకొన్నది. ఇది వ్యక్తి చేసిన పాపసంకీర్తనం కాదు. ఒక సంస్థ చేసింది. కడప మేత్రాసన గురువుగా సేవ ప్రారంభించిన పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళిత సమాజం నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి ఆయన. 1744లో పరయలకు వేరు గురువులన్న ఏర్పాటుకూ దీనికీ మధ్య 278 సంవత్సరాల దూరం ఉంది.

ఒక నియామకంతో గాని, ఒక విధాన పత్రంతో గాని శతాబ్దాల అలవాటు తొలగిపోదు. సంస్థ ఒప్పుకొన్న పాపం విశ్వాసి అనుదిన ఆత్మశోధనలో ప్రశ్నగా మారినప్పుడే ఆ ఒప్పుకోలు పూర్తవుతుంది. నేను అబద్ధమాడానా అన్న ప్రశ్న పక్కన, నేను ఎవరి ఇంట తినలేదు, ఎవరి సంబంధాన్ని ఏ కారణం చెప్పి తిరస్కరించాను అన్న ప్రశ్న కూడా చేరాలి.

10. ముగింపు:

ఈ అధ్యయనంలో తేలిన అంశాలు:

• దక్షిణ రాయలసీమకు ఆత్మపరిశీలన జెస్యూట్, లూథరన్, రిఫార్మ్‌డ్ మార్గాల్లో వచ్చింది. మొదటిది లెక్కకు, రెండవది స్థితికి, మూడవది పొరుగువారితో సమాధానానికి ప్రాధాన్యం ఇచ్చాయి.

• పాపసంకీర్తనం, ఆత్మశోధన, మనస్సాక్షి అనే పదాలు ఈ సాధనను దేశీయ భావనలకు దగ్గర చేశాయి.

• కులం ఆత్మపరిశీలన పరిధిలోకి ఎక్కువగా బయటినుంచి వచ్చిన ప్రశ్నల వల్లనే వచ్చింది. 1704 శాసనం, 1850 తీర్మానం, 1910 ప్రసంగం ఇందుకు నిదర్శనాలు.

• కొరింథు పత్రికలోని మూలసందర్భం సహభోజనం. ఆ సందర్భాన్ని మరిచిన ఆత్మపరీక్ష వ్యక్తిగత దోషాల లెక్కకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

తనను తాను పరీక్షించుకోవడం ఒంటరిగా చేయవలసిన పనే. అయితే అందుకు కావలసిన ప్రశ్నలన్నీ ఒంటరిగా దొరకవని ఈ చరిత్ర చెబుతున్నది. బూషెకు తూర్నోన్ కావలసి వచ్చారు. ఎడింబరో సభకు అజరయ్య కావలసి వచ్చారు. గుమ్మం బయట నిలిచినవాడు అడిగే ప్రశ్నను తన ప్రశ్నగా స్వీకరించగలగడమే నిజాయితీగల ఆత్మపరిశీలనకు కొలమానం. ప్రశ్నోత్తర గ్రంథాలను, ఆరాధనక్రమాలను ఈ దృష్టితో చదివితే తెలుగు క్రైస్తవ వాఙ్మయ చరిత్రలో కొత్త అధ్యాయాలు తెరుచుకొంటాయి. సాహిత్య చరిత్రకారులమైన మనం కూడా ఏ గ్రంథాలను సాహిత్యంగా లెక్కించాం, ఎవరి రచనలను లెక్కలోకి తీసుకోలేదు అని మన ప్రశ్నావళిని సరిచూసుకోవడం ఈ అధ్యయనంలో అంతర్భాగమే.